గడప దాటితే గారెలు... ఆ తర్వాత?

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. బిడ్డ ఎదుగుదలను మన పెద్దవాళ్ళు వంటింటి లెక్కల్లోనే రాసుకున్నారు. పాప బోర్లా పడిందని తెలిసిన సాయంత్రమే శనగపప్పు పొయ్యెక్కుతుంది. నాలుగడుగులు వేసిందంటే బెల్లం పాకం పడుతుంది. అరిసెల మీద బిడ్డచేత అడుగులు వేయించి, ఆ పిండివంట ఇరుగూ పొరుగుకీ పంచుతారు. ఊరిని బట్టి వంటకం మారుతుందేమో గానీ పంచడం మాత్రం మారదు. ఆ పంచడంలో వీధికి ఒక కబురుందని నాకనిపిస్తుంది: మా బిడ్డ ఇక ఇంట్లోంచి బయటికి వస్తోంది, మీరూ ఓ కన్నేసి ఉంచండి అని.

మా పాప మొన్ననే గడప దాటింది. అత్తయ్య గారెలు వండారు. మా అపార్టుమెంటులోని ఇళ్ళన్నిటికీ ప్లేట్లు వెళ్ళాయి. అందరూ పాప బుగ్గ గిల్లి దీవించారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గడప ఇవతల ఏముందో నాకు తెలుసు. అక్కడ ఏది ఎత్తున పెట్టాలో, దేనికి గడియ వెయ్యాలో నా చేతిలో పని. గడప అవతల కారిడారుంది, లిఫ్టుంది, పార్కింగుంది, గేటుంది, గేటు బయట రోడ్డుంది, రోడ్డు పక్కన కాలువుంది, కాలువ మీద పగిలిన పలక ఉంది. వాటిలో ఒక్కటీ నా చేతిలో లేదు.

పిల్లల్ని పెంచుతున్న ప్రతి ఇంట్లో ఈ భయం ఉంది. దానికి మనం వెతుక్కున్న మందు ఒకటే: తలుపు వేసెయ్యడం. బయట భద్రత లేదు కాబట్టి పిల్ల లోపలే ఉండాలి. ఊరు చెయ్యాల్సిన పనిని తల్లి తన ఇంటి గడియతో చేస్తోంది. దాని ఖరీదు మాత్రం బిడ్డ చెల్లిస్తోంది.

గడప ఇవతల

ముందు ఇంటి సంగతి. ఎందుకంటే నాలుగేళ్ళలోపు పిల్లలకు జరిగే ప్రమాదాల్లో చాలావాటికి చోటు ఇల్లే.

స్నానాల గదిలో సగం నిండిన బకెట్ చూస్తే మనకి నీళ్ళే కనిపిస్తాయి. తప్పటడుగులు వేసే పిల్లకి అది బావి. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. బకెట్ అంచు పట్టుకుని లోపలికి తొంగి చూసిందంటే తలకిందులుగా పడుతుంది, తనంతట తాను లేవలేదు. కేక కూడా వినపడదు. నీళ్ళు రోజూ రాని ఊళ్ళలో డ్రమ్ములూ, బకెట్లూ, సంపులూ నింపి పెట్టుకోక తప్పదు. ట్యాంకర్ వచ్చినప్పుడు సంపు మూత తీసి, మళ్ళీ వెయ్యడం మరిచిపోయే ఇళ్ళు ఎన్నో. స్నానాల గది తలుపుకి పెద్దవాళ్ళ చెయ్యి అందే ఎత్తులో, బయటివైపు ఒక గడియ పెట్టించండి. వడ్రంగికి అది పది నిమిషాల పని.

రెండోది, ఎవరూ అనుమానించనిది, దేవుడి గది. మా పాప పాకడం మొదలుపెట్టాక మొట్టమొదట వెళ్ళింది అక్కడికే. కింది అరలో కుంకుమ భరిణె, అగ్గిపెట్టె, వత్తుల డబ్బా, మూత వదులైన ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో హారతి కర్పూరం. తెల్లగా, పలకలు పలకలుగా, పటికబెల్లం ముక్కల్లా ఉంటుంది. అత్తయ్య ఒకసారి పాపకి పటికబెల్లం చప్పరించడానికి ఇచ్చారు. ఆ రుచి తెలిసిన పిల్ల ఈ డబ్బా వైపు ఎందుకు చూస్తోందో అప్పుడర్థమైంది. కర్పూరం మింగితే పసిపిల్లలకు నిమిషాల్లోనే ఫిట్స్ వస్తాయి. చాలా కొద్ది మోతాదు చాలు. పిల్లల డాక్టర్లకు ఇది బాగా తెలిసిన విషయం, మన ఇళ్ళలోనే తెలియదు. జలుబు చేసిందని గుడ్డలో మూటగట్టి పసివాళ్ళ మెడలో వేసేదీ ఈ కర్పూరమే. ఇప్పుడు మా ఇంట్లో హారతి సామానంతా పై అరలోకి వెళ్ళింది. "దేవుడికి మెట్లెక్కాల్సొచ్చిందే" అంటూనే అత్తయ్య ఆ డబ్బాకి తిప్పుడు మూత ఉన్నది కొనుక్కొచ్చారు.

రిమోట్‌లోనూ, లైట్లు వెలిగే బొమ్మల్లోనూ, తూకం మిషన్‌లోనూ ఉండే రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ ఇంకో ప్రమాదం. అది గొంతులో ఇరుక్కుంటే తడికి రసాయన చర్య మొదలై, రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చెయ్యగలదు. బొమ్మ కొనేటప్పుడు బ్యాటరీ మూతకి స్క్రూ ఉందో లేదో చూడండి. పిల్ల బ్యాటరీ మింగిందని అనుమానం వస్తే "రేపటికి బయటికి వచ్చేస్తుందిలే" అని కూర్చోకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి. వేరుశనగ పలుకులు, పుట్నాలు, ద్రాక్షపళ్ళు ఊపిరిగొట్టానికి అడ్డం పడేవి. పండగ పూట బంధువులు ముద్దుగా నోట్లో పెట్టేవి కూడా ఇవే. ఏడాదిలోపు బిడ్డకి ఏదైనా గొంతుకి అడ్డం పడి ఏడవలేక, ఊపిరి తీసుకోలేక ఉంటే, ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి తల కొంచెం కిందికి ఉండేలా పట్టుకుని, రెండు భుజాల మధ్య, మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో ఐదు దెబ్బలు వెయ్యాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్య ఎముక మీద ఐదుసార్లు నొక్కాలి. అడ్డం పడ్డది బయటికి వచ్చేదాకా ఈ రెండూ మార్చి మార్చి చెయ్యాలి. గుడ్డిగా నోట్లో వేలు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి పోతుంది. ఇది ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య, పనిచేసే అమ్మాయి, అందరికీ వచ్చి ఉండాలి.

వాకర్ గురించి ఒక్క మాట. పిల్ల త్వరగా నడుస్తుందని బారసాలకీ, అన్నప్రాశనకీ కానుకగా ఇస్తారు. నడక త్వరగా రాదు సరికదా, చక్రాల మీద పిల్ల మెట్ల దాకా, పొయ్యి దాకా మనకంటే ముందు చేరుతుంది. కెనడా 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది. మాకొచ్చినది విప్పి అటక మీద పెట్టేశాం.

లిఫ్టు, పార్కింగు

ఇంటి లోపల ఇంత చేశాక కూడా, మన తలుపు నుంచి వీధి గేటు దాకా ఉన్న చోటు ఎవరిదీ కాదు. అందరిదీ అయిన చోటుకి మన అపార్టుమెంట్లలో పట్టే గతి అది.

2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక అపార్టుమెంటులో ఆరేళ్ళ బాబు లిఫ్టుకీ గోడకీ మధ్య ఇరుక్కున్నాడు. బయటికి తీసి ఆసుపత్రికి తీసుకెళ్ళినా మర్నాడు చనిపోయాడు. నెల తిరక్కుండానే మెహదీపట్నం వైపు ఇంకో భవనంలో నాలుగున్నరేళ్ళ పిల్లవాడు లిఫ్టులోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. వాడు ఆ భవనం వాచ్‌మన్ కొడుకు. ఆ వారమంతా ప్రతి అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులోనూ ఇదే చర్చ. తర్వాత మళ్ళీ నీళ్ళ బిల్లులూ, పార్కింగు గొడవలే. పాత భవనాల్లో చేత్తో లాగే ఊచల తలుపు లిఫ్టులు ఇంకా ఎన్నో నడుస్తున్నాయి. ఆ ఊచల సందులో పసిపిల్ల చెయ్యి సులువుగా దూరుతుంది. తలుపు పూర్తిగా మూసుకోకపోతే లిఫ్టు కదలకూడదు. కదిలిందంటే ఆ రోజే దాన్ని ఆపించాలి. "ఇంకో వారంలో మెకానిక్ వస్తాడు" అనే జవాబుకి ఒప్పుకోకూడదు.

పార్కింగులో జరిగేదానికి యంత్రం చెడిపోవడం కూడా కారణం కాదు. 2023 మేలో హయత్‌నగర్‌లో, కూలి పనికి వచ్చిన ఒక తల్లి ఎండ వేడికి తాళలేక పక్క అపార్టుమెంటు సెల్లార్ నీడలో తన కూతురిని పడుకోబెట్టి పనిలోకి వెళ్ళింది. ఇంటికి వచ్చిన కారు ఆ పిల్ల మీదుగా వెళ్ళింది. ఆ వీడియో ఊరంతా చూసింది. చాలామంది తల్లిని తిట్టారు. మే నెల ఎండలో ఇటుకలు మోసే చోట బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలో ఆ తిట్టినవాళ్ళెవరూ చెప్పలేదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన కేంద్ర చట్టం ప్రకారం, యాభైమందికి మించి మహిళలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు అప్పట్లో గది ఏర్పాటు చెయ్యాల్సి ఉండేది. చిన్న చిన్న ఇళ్ళు కట్టేచోట అంతమంది ఎక్కడుంటారు? చట్టం కంట్లో పడని పిల్లలు ఇసుక కుప్పల మీదే పెరుగుతున్నారు. మా పాప గురించి నాకున్న భయాల జాబితా నేను ఇంత వివరంగా రాయగలుగుతున్నానంటే నాకొక ఇల్లూ, ఆ ఇంటికొక తలుపూ ఉన్నాయి కాబట్టే. ఆ తల్లికి వెయ్యడానికి తలుపే లేదు.

బండి మీద ముగ్గురం

సాయంత్రం ఏ కూడలిలోనైనా నిలబడి చూడండి. నాన్న బండి నడుపుతుంటాడు, వెనక అమ్మ ఒకపక్కకి కూర్చుని ఉంటుంది, ఒళ్ళో పసిబిడ్డ. కాస్త పెద్ద పిల్లయితే ముందు, హ్యాండిల్ పట్టుకుని నిలబడి ఉంటుంది. నాన్నకి హెల్మెట్ ఉంటుంది. చలానా భయం. బిడ్డకి ఉన్ని టోపీ ఉంటుంది. జలుబు భయం.

నిజానికి దీనికో నిబంధన ఉంది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించి, ఏడాది గడువిచ్చి 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి తెచ్చింది. దాని ప్రకారం నాలుగేళ్ళలోపు పిల్లల్ని ద్విచక్ర వాహనం మీద తీసుకెళ్తే, బిడ్డను నడిపేవాళ్ళ ఒంటికి కలిపి కట్టే పట్టీ ఉండాలి. అది 30 కిలోల బరువు ఆపగలిగేలా ఉండాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ దాకా పిల్లలకు తలకు సరిపడే హెల్మెట్ పెట్టాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. నాలుగేళ్ళు దాటిన వాళ్ళకి హెల్మెట్ ఎలాగూ తప్పనిసరి. కార్లో పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 చట్ట సవరణ చెబుతోంది. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. పసిపిల్లకి హెల్మెట్ లేదని బండి ఆపిన పోలీసును మాత్రం నేనింతవరకు చూడలేదు. నాకు జరిమానాల మీద ప్రేమేమీ లేదు. కానీ పెద్దవాళ్ళ హెల్మెట్ ఇన్నేళ్ళకి అలవాటైంది చలానాలతోనే కదా.

అమెరికాలో కూతురి పురుడు కోసం విజయవాడ నుంచో, కరీంనగర్ నుంచో వెళ్ళే అమ్మమ్మలకు ఇంకో అనుభవం ఉంటుంది. అక్కడ అన్ని రాష్ట్రాల్లోనూ పసిపిల్లలకు కారు సీటు తప్పనిసరి. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చే రోజే బిడ్డని ఆ సీట్లో, వెనక్కి తిరిగి ఉండేలా కట్టి కూర్చోబెట్టాలి. మనవరాలు గుక్కపెట్టి ఏడుస్తుంటే "ఒళ్ళోకి తీసుకుంటానే, పాలు పడతానే" అని అమ్మమ్మ బతిమాలుతుంది. "కుదరదమ్మా, కారు ఆగేదాకా తియ్యకూడదు" అంటుంది కూతురు. మొదటి వారం ఇదేం రాక్షసత్వం అనిపిస్తుంది, వీసా గడువు తీరేనాటికి అలవాటైపోతుంది. అదే అమ్మమ్మ ఇండియా వచ్చాక, ఇక్కడి మనవణ్ణి ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తిరుపతి వెళ్తుంది. ముందు సీటు ఎయిర్‌బ్యాగ్ పెద్దవాళ్ళ ఛాతీని కాపాడేందుకు తెరుచుకుంటుంది. ఒళ్ళో ఉన్న పసివాడి తలకి అది దెబ్బ. మనిషి అదే, ప్రేమా అదే, చుట్టూ ఉన్న ఊరి పద్ధతి వేరు.

తొంభై అయిదు సెంటీమీటర్ల ఊరు

ఆరోగ్యంగా ఉన్న మూడేళ్ళ పిల్ల ఎత్తు దాదాపు 95 సెంటీమీటర్లు. ఆ ఎత్తు నుంచి చూస్తే ఊరు ఎలా ఉంటుందో ఆలోచించి వీధులు కట్టండి అని నగరాల్ని అడిగే ప్రయత్నం ఒకటి ప్రపంచంలో కొన్నేళ్ళుగా నడుస్తోంది. నెదర్లాండ్స్‌కి చెందిన బెర్నార్డ్ వాన్ లీర్ ఫౌండేషన్ దానికి 'అర్బన్ 95' అని పేరు పెట్టింది. మన దేశంలో స్మార్ట్ సిటీస్ మిషన్ 2020లో ఆ సంస్థతో కలిసి పసిపిల్లలకు అనువైన పేటల కోసం నగరాల మధ్య పోటీ పెట్టింది. చివరికి ఎంపికైన పది నగరాల్లో రెండు మనవి: వరంగల్, కాకినాడ. చిన్న పార్కుల్ని, అంగన్‌వాడీల ముందున్న చోటుని, రోడ్డు దాటే కూడళ్ళని పసిపిల్లల కోసం మార్చి చూడడం ఆ పోటీలో పని. అంటే చెయ్యలేనిది కాదు. మన ఊళ్ళలోనే, మన మున్సిపాలిటీలే మొదలుపెట్టిన పని ఇది.

మా వీధి సంగతి చెబుతాను. న్యూజెర్సీలో ఉండే మా ఆడపడుచు పాపకి తోపుడు బండి పంపింది. చక్కటి బండి. పాపని కూర్చోబెట్టి పార్కుకి బయల్దేరాను. గేటు దాటగానే ఫుట్‌పాత్ మొదలవుతుంది, కానీ అంచు మోకాలెత్తున ఉంది. ముందు చక్రాలు ఎత్తి ఎక్కించాను. నాలుగు గజాల్లో ట్రాన్స్‌ఫార్మర్. దిగాను. మళ్ళీ ఎక్కాను. టిఫిన్ బండి, దాని పక్కన గ్యాస్ బండ. దిగాను. ఆ తర్వాత కాలువ మీద పలకల మధ్య సందు, అందులో కుడి చక్రం దిగబడింది. లాగుతుంటే వెనక నుంచి ఆటో హారన్. టిఫిన్ బండి దగ్గర దోసెలు పోసే అన్న చేతిలో గరిటె పక్కన పెట్టి వచ్చి చక్రం పైకి లేపాడు. "వీటికి మన రోడ్లు పనికిరావమ్మా, చంకనెత్తుకో" అన్నాడు. ఆయన మాట నిజమే, కానీ ఒప్పుకోవాల్సిన నిజం కాదు. ఫుట్‌పాత్ మీద మనిషి నడిచేందుకు కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఏ అడ్డూ లేకుండా ఉండాలనీ, అంచు 15 సెంటీమీటర్లు మించకూడదనీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు ఎప్పుడో రాసి పెట్టాయి. పసిపిల్ల బండి నడిచే చోట తాతయ్య చేతికర్ర నడుస్తుంది, చక్రాల కుర్చీ నడుస్తుంది, నిండు గర్భిణి నడుస్తుంది.

95 సెంటీమీటర్ల ఎత్తులో ఎదురయ్యేది ఇంకొకటుంది, వీధికుక్క ముఖం. పెద్దవాళ్ళని కుక్క కరిస్తే పిక్క మీద పడుతుంది. పసిపిల్లల్ని కరిస్తే మెడ మీద, ముఖం మీద పడుతుంది. 2023 ఫిబ్రవరి 19న హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబు, నాన్న కాపలా కాసే చోటుకి ఆదివారం సరదాగా వెళ్ళి, కుక్కల గుంపుకి చిక్కి చనిపోయాడు. తెలంగాణ హైకోర్టు ఆ ఘటనను తనంతట తానుగా విచారణకు తీసుకుంది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి వీధికుక్కల్ని తరలించాలని ఆదేశించింది. కుక్కల్ని ప్రేమించేవాళ్ళకీ, భయపడేవాళ్ళకీ మధ్య గొడవ ప్రతి కాలనీలోనూ ఉంది. నా మట్టుకు నాకు ఇందులో రెండు పక్షాలు కనపడవు. సంతాన నిరోధక ఆపరేషన్లు, టీకాలు క్రమం తప్పకుండా చెయ్యడం, మాంసం వ్యర్థాలు వీధిలో పడకుండా చూడడం మున్సిపాలిటీ బాధ్యత. ఆ పని జరిగితే కుక్కా బతుకుతుంది, పిల్లా బతుకుతుంది.

కరిచినప్పుడు ఏం చెయ్యాలో మాత్రం గుర్తుంచుకోండి. పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీ పొడి ఏదీ అద్దకూడదు. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వెయ్యాలి. ముఖం మీద, మెడ మీద గాయమైతే గంటలు లెక్కపెట్టకుండా వెళ్ళాలి. మొదటి మోతాదుతో ఊరుకోకుండా డాక్టరు రాసిన తేదీలన్నీ పూర్తి చెయ్యాలి. రేబిస్ లక్షణాలు కనపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. గాయం చిన్నదని, పిల్ల పంటిగీతే కదా అంటోందని వదిలేసిన ఇళ్ళే ఎక్కువ ఏడ్చాయి.

మూతల్లేని నేల

2020 సెప్టెంబరులో హైదరాబాద్ నేరేడ్‌మెట్‌లో పన్నెండేళ్ళ అమ్మాయి సైకిల్ మీద బయటికి వెళ్ళి, వాన నీటిలో కనపడని నాలాలో కొట్టుకుపోయింది. 2023 ఏప్రిల్ చివర్లో సికింద్రాబాద్ కళాసిగూడలో పొద్దున్నే పాల పాకెట్ కోసం వెళ్ళిన బడి ఈడు పిల్ల, తెరిచి ఉన్న మురుగు కాలువలో పడిపోయింది. పాల పాకెట్. పిల్లకి మనం మొదట అప్పజెప్పే పెద్ద పని అదే కదా.

పల్లెల్లో నాలాకి బదులు బోరుబావి. 2017 జూన్‌లో చేవెళ్ళ దగ్గర ఇక్కారెడ్డిగూడలో ఏడాదిన్నర పాప బోరుబావిలో పడింది. రెండున్నర రోజులు రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది, దక్కలేదు. 2020 మేలో మెదక్ జిల్లాలో మూడేళ్ళ బాబు, అప్పుడే వేసిన బోరులో, ఇంట్లోవాళ్ళ కళ్ళ ముందే జారిపోయాడు. సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది: బోరు వేసే ముందు పదిహేను రోజుల ముందుగా అధికారులకు తెలపాలి, చుట్టూ కంచె వెయ్యాలి, నీళ్ళు పడకపోతే మట్టితోనో, రాళ్ళతోనో నేల మట్టం దాకా పూడ్చాలి. నీళ్ళు పడని బోరు అంటే రైతుకి అప్పటికే మునిగిన అప్పు. దాన్ని పూడ్చడానికి ఇంకో ట్రాక్టరు మట్టి ఖర్చు పెట్టే ఓపిక ఉండదు. కేసింగ్ పైపు కూడా ఊడబెరికి అమ్ముకుంటాడు. తొమ్మిదంగుళాల గుంత, పైన ఒక గోనెసంచి. ఆ పూడిక ఖర్చు పంచాయతీయే పెట్టుకుంటే, బోరు వేసిన బండి వెళ్ళిపోకముందే పని పూర్తయిందా అని పంచాయతీ కార్యదర్శి చూసుకుంటే, పిల్లలు దక్కుతారు.

ఫోన్‌లో వచ్చే భయం

ఇన్ని గుంతలు కళ్ళెదుట ఉండగా, మనల్ని ఎక్కువ వణికించేది మాత్రం ఫోన్‌లో వచ్చే వీడియో. "పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగింది, అందరికీ పంపండి." 2018 మేలో ఇలాంటి సందేశాలు రెండు తెలుగు రాష్ట్రాల్నీ ఊపేశాయి. ఊళ్ళలో కర్రలు పట్టుకుని కాపలాలు కాశారు. భాష రానివాళ్ళని, బిచ్చగాళ్ళని, మతిస్థిమితం లేనివాళ్ళని కట్టేసి కొట్టారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో రంజాన్ నెల భిక్ష కోసం మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని కొట్టి చంపారు. ఏ పిల్లా పోలేదు. మనుషులు పోయారు. వాళ్ళకీ అమ్మలున్నారు.

పసిబిడ్డల అమ్మకం అబద్ధమని నేననడం లేదు. 2024 మేలో రాచకొండ పోలీసులు శిశువుల్ని అమ్మే ముఠాని పట్టుకున్నారు. ఢిల్లీ, పుణె లాంటి చోట్ల పేద తల్లిదండ్రుల దగ్గర బిడ్డల్ని కొని ఇక్కడ లక్షలకి అమ్ముతున్నారని తేలింది. అక్కడ గోనెసంచి మోసే బూచాడు లేడు. మధ్యవర్తులున్నారు, బేరాలున్నాయి, దత్తత చట్టాన్ని తప్పించుకోవాలనుకునే కొనుగోలుదారులున్నారు.

పిల్లల మీద లైంగిక దాడుల సంగతి అంతకంటే చెప్పుకోవాల్సింది. పోక్సో కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బిడ్డకి తెలిసినవాళ్ళేనని ఏటా నేర గణాంకాలు చెబుతూనే ఉన్నాయి. చుట్టాలు, పక్కింటివాళ్ళు, రోజూ దించే ఆటో అన్న. కాబట్టి వీధిలో కొత్త ముఖాన్ని అనుమానించే ముందు ఇంట్లో ఒక అలవాటు మార్చుకోవాలి. చుట్టాలొచ్చినప్పుడు బిడ్డ ముఖం తిప్పుకుంటే, ఏడిస్తే, "తాతయ్యకి ముద్దు పెట్టు, లేకపోతే బాధపడతారు" అని బలవంతం చెయ్యొద్దు. మా ఇంట్లో మొదట అందరూ నొచ్చుకున్నారు. "పిల్లని మాకు దూరం చేస్తున్నావమ్మాయ్" అన్నారు అత్తయ్య. నాలుగు రోజులు పోయాక, పాప తనంతట తాను వచ్చి ఒళ్ళో వాలినప్పుడు ఆవిడే, "అడక్కుండా వస్తే ఎంత బాగుందో" అన్నారు. వద్దని ముఖం తిప్పుకున్న ఏడాది పిల్ల మాటకి ఇంట్లో విలువ ఇస్తే, ఆరేళ్ళకి వద్దని అనగలుగుతుంది, అన్న సంగతి మనతో చెప్పగలుగుతుంది. ఆపదలో 1098కి గానీ 112కి గానీ చెయ్యొచ్చు. ఈ రెండు నంబర్లు ఫోన్‌లోనే కాకుండా, ఫ్రిజ్ తలుపు మీద కూడా రాసి పెట్టుకోండి. ఇంట్లో అందరికీ ఫోన్ తెరవడం రాదు.

తలుపు వేసిన ఇంట్లో

ఏడాది నుంచి రెండేళ్ళ వయసు పిల్లలు రోజులో కనీసం మూడు గంటలు ఒళ్ళు కదిలించి ఆడాలనీ, రెండేళ్ళు నిండేదాకా తెర అసలు వద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండు గదుల ఇంట్లో, మూడో అంతస్తులో, ఇద్దరూ ఉద్యోగాలు చేసే చోట మూడు గంటలు పిల్ల ఎక్కడ కదలాలి? సోఫా ఎక్కితే పడుతుందని దించుతాం, వంటింట్లోకి వస్తే కాలుతుందని గేటు పెడతాం, బాల్కనీకి వల కడతాం, బయట కుక్కలున్నాయంటాం. చివరికి ఫోన్ చేతికిస్తాం. పిల్ల కదలకుండా కూర్చుంటుంది. మనకి అదొక్కటే భద్రంగా కనిపిస్తుంది. మట్టి తగలని కాళ్ళతో, చీమని చూడని కళ్ళతో, పక్కింటి పిల్ల చేతిలోంచి బంతి లాక్కుని దెబ్బలాడని చేతులతో పెరిగే బిడ్డకి ఏమవుతుందో ఏ ఆసుపత్రి చీటీలోనూ రాదు. ఆ నష్టాన్ని నేను ప్రమాదమనే అంటాను.

అందుకే మా అపార్టుమెంటులో కొంతమంది తల్లులం కలిసి అసోసియేషన్ మీటింగుకి వెళ్ళాం. మామూలుగా ఆ మీటింగుకి మగవాళ్ళే వెళ్తారు, మాట్లాడేది మోటారు గురించీ, పెయింటింగు గురించీ. మేం మూడు విషయాలు అడిగాం. లిఫ్టు ఊచల తలుపు మార్చాలి. సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు దాకా పార్కింగులో ఒక వరస బళ్ళు పెట్టకుండా పిల్లలకి వదలాలి, వాచ్‌మన్ పిల్లలూ అందులో ఆడుకోవాలి. బండి వెనక్కి తీసే ప్రతివాళ్ళూ ముందు దిగి చుట్టూ చూడాలి. లిఫ్టు ఖర్చు దగ్గర వాదన గట్టిగానే జరిగింది. "ఇన్నేళ్ళుగా ఏమీ కాలేదుగా" అన్నారొకాయన. రెండో అంతస్తులో ఒంటరిగా ఉండే రిటైర్డ్ టీచరుగారు లేచి, "అయ్యాక మార్చే డబ్బే ఇప్పుడిద్దాం నాయనా" అన్నారు. ఆవిడకి ఇంట్లో చిన్నపిల్లలెవరూ లేరు. గారెల ప్లేటు మాత్రం ఆవిడింటికీ వెళ్ళింది.

లిఫ్టు తలుపుకి డబ్బు పోగవుతోంది. పార్కింగులో సున్నంతో గీత గీశారు. ఆ గీత లోపల సాయంత్రాలు ఇప్పుడు గోలగోలగా ఉంటోంది. మా పాప ఆ పిల్లల మధ్య రెండుసార్లు పడి మూడోసారి లేస్తోంది. గేటు బయట పగిలిన కాలువ పలక మాత్రం అలాగే ఉంది. ఫొటో తీసి పంపాం, అర్జీ ఇచ్చాం, "కాంట్రాక్టరుకి చెప్పాం" అన్న జవాబొచ్చింది. వానాకాలం ముంచుకొస్తోంది. సోమవారం వార్డు ఆఫీసుకి మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి టీచరుగారు వస్తానన్నారు, టిఫిన్ బండి అన్న కూడా పదిన్నరకల్లా బండి కట్టేసి వస్తానన్నాడు. పిల్లల్ని ఇంట్లో వదిలి రావద్దని, చంకనేసుకునే రమ్మని అందరికీ చెప్పాం.